నెల సరుకుల చీటీ: తక్కెడ ఎవరి చేతిలో ఉంది?



ఈ పాఠం చదివే ముందు ఒక చిన్న పని చేయండి. పోయిన నెల సరుకుల చీటీ ఇంట్లో ఉంటే తెచ్చి పక్కన పెట్టుకోండి. సూపర్ మార్కెట్ బిల్లయినా సరే, కిరాణా కొట్లో రాసిచ్చిన తెల్ల కాగితమైనా సరే. ఏదీ లేకపోతే ఎందుకు లేదో ఒక్క నిమిషం ఆలోచించండి. ఆ ఆలోచన కూడా ఈ పాఠంలో భాగమే.

ధమ్మం గురించి చెప్పమంటే ఉప్పూ పప్పూ ధరలు చెప్తారేంటి అని కొందరికి అనిపించొచ్చు. ఈ పాఠం నేను అనుకుని రాసింది కాదు. ఆమధ్య ఒక ఆదివారం మా వాడలో వందన అయ్యాక తృష్ణ గురించి మాట్లాడుతుంటే వెనక కూర్చున్న ఒక అక్క లేచి అడిగింది: "తృష్ణ తగ్గించుకోమంటున్నారు, బాగానే ఉంది. నూనె ప్యాకెట్ ధర చూశారా మీరు? నేను మానుకోవాల్సింది తృష్ణా, తాలింపా?" అందరం నవ్వాం. నవ్వు ఆగాక మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు ఏదో చెప్పి దాటేశాను. ఇంటికొచ్చి పుస్తకాలు తీశాక తెలిసింది, ఆ అక్క అడిగినలాంటి ప్రశ్నే బుద్ధుడిని ఒకాయన నేరుగా అడిగాడని.

ఆయన పేరు దీఘజాణు. కోలియుల ఊరివాడు. ఆయన బుద్ధుడి దగ్గర ఏ మొహమాటమూ పడలేదు. మేం సంసారులం, పిల్లలతో కిక్కిరిసిన ఇళ్లలో ఉంటాం, గంధం పూసుకుంటాం, పూలు పెట్టుకుంటాం, వెండీ బంగారమూ ముట్టుకుంటాం, మాలాంటివాళ్లకు పనికొచ్చేది చెప్పండి అని అడిగాడు. ఇక్కడ గమనించాల్సింది బుద్ధుడు ఏం అనలేదన్నది. ముందు ఆ గంధం కడుక్కుని రా అనలేదు. ఇల్లు వదిలి రా అనలేదు. నాలుగు సంగతులు చెప్పాడు. కష్టపడి, నేర్పుగా సంపాదించడం (ఉట్ఠానసంపద). సంపాదించింది కాపాడుకోవడం (ఆరక్ఖసంపద). మంచివాళ్ల సావాసం (కల్యాణమిత్తత). నాలుగోది సమజీవిత, అంటే రాబడికీ ఖర్చుకీ పొంతన ఉన్న బతుకు. ఇది అంగుత్తర నికాయంలో ఉంది.

మొదటి మూడూ ఎవరైనా చెప్తారు. నాలుగోది చెప్పడానికి బుద్ధుడు ఎంచుకున్న పోలిక చూడండి. తక్కెడ పట్టుకున్న మనిషి, ఇంత వేస్తే ఇటు మొగ్గింది, ఇంత తీస్తే అటు లేచింది అని తెలుసుకున్నట్టు, ఇంటి మనిషి తన రాబడినీ ఖర్చునీ తెలుసుకోవాలన్నాడు. ఖర్చు తగ్గించుకోమని మాత్రమే చెప్పి ఊరుకోలేదు. తెలుసుకోమన్నాడు. రాబడికి మించి అట్టహాసంగా ఖర్చుపెట్టేవాడిని మేడిపండ్లు తినేవాడితో పోల్చాడు. వాడు నాలుగు పండ్ల కోసం చెట్టంతా ఊపి రాలగొడతాడు. రాబడి ఉండీ పిసినారిగా బతికేవాడి గురించీ చెప్పాడు. వాడు తిండి లేనివాడిలా చస్తాడన్నాడు. అంటే పొదుపు పేరుతో కడుపు మాడ్చుకోవడమూ ధమ్మం కాదు. తాలింపు వేసుకో అక్కా.

తక్కెడ కనపడని చోటు

తక్కెడ అన్న మాట దగ్గర నేను ఇంకాసేపు ఆగాలి. మా అమ్మకు తక్కెడ కనపడేది కాదు.

నేను చిన్నప్పుడు మా ఊళ్లో ఒకటే కిరాణా కొట్టు. మా వాడ వాళ్లు అరుగు కింద నిలబడాలి. తక్కెడ లోపల వేలాడుతుంటుంది. పప్పు పొట్లం పైనుంచి పడేసేవాళ్లు, అమ్మ కొంగు పట్టేది. డబ్బులు అరుగు మీద పెట్టి చెయ్యి వెనక్కి తీసుకోవాలి. ముల్లు నిలబడిందో లేదో, రాయి ఎంతదో మాకెలా తెలుస్తుంది? ధర అడగడం కూడా ఉండేది కాదు, ఎందుకంటే మేం కొనేది అప్పు మీద. కోతలయ్యాక కూలి గింజలొస్తే తీర్చేది. ఆ ఖాతా పుస్తకంలో ఏం రాశారో అమ్మకు చదవను రాదు.

నేను ఇంటర్ చదివేటప్పుడు ఒక రోజు అమ్మతో వెళ్లి పుస్తకం చూపించమన్నాను. చూపించారు, కాదనలేదు. ఒకే తారీఖున బట్టల సబ్బు రెండుసార్లు రాసి ఉంది. అడిగాను. ఆయన నా వైపు కాదు, అమ్మ వైపు చూసి, "నీ కొడుకు చదువుకున్నాడుగా, ఇంక సరుకులు టౌన్లో తెచ్చుకోండి" అన్నాడు. అమ్మ ముఖం పాలిపోయింది. అయ్యా, పిల్లోడికి తెలీదయ్యా అని బతిమాలింది. నన్ను అక్కడే ఒకటి వేసింది. ఆ దెబ్బ నాకు చాలా ఏళ్లు అర్థం కాలేదు. మర్నాడు బియ్యం ఎక్కడి నుంచి వస్తాయో ఆమెకు తెలుసు, నాకు తెలీదు. అంతే.

తర్వాత డిగ్రీ బి.ఏ. చేశాను, ఎకనామిక్స్ ఒక సబ్జెక్టు. వినియోగదారుడు ధర చూసి ఎంచుకుంటాడని పుస్తకంలో ఉంది. అప్పులో ఉన్నవాడు ఏమీ ఎంచుకోలేడని అందులో లేదు. అది బుద్ధుడి దగ్గర ఉంది.

అనాథపిండికుడికి బుద్ధుడు గృహస్థుడి నాలుగు సుఖాలు చెప్పాడు. న్యాయంగా సంపాదించింది నాకు ఉంది అనుకోవడం అత్థిసుఖం. దాన్ని అనుభవించడం, దానితో మంచి పనులు చేయడం భోగసుఖం. ఎవరికీ కొంచెం కూడా, ఎక్కువ కూడా బాకీ లేకపోవడం అనణసుఖం. తప్పు చేయకుండా బతకడం అనవజ్జసుఖం. నాలుగోదే అన్నిటికంటే గొప్పదని చెప్పాడు, నిజమే. కానీ మన వాడల్లో నిలబడి చూస్తే నాకు మూడోది పెద్దగా కనిపిస్తుంది. బాకీ లేనివాడే తక్కెడ చూపించు అని అడగగలడు. సబ్బు రెండుసార్లు ఎందుకు రాశావ్ అనగలడు. పక్క కొట్టుకు పోగలడు.

అప్పు గురించే ఇంకో సుత్తం ఉంది, ఇణ సుత్తం. అందులో బుద్ధుడు మెట్లు మెట్లుగా చెప్పుకుంటూ పోతాడు: పేదరికం దుఃఖం. పేదవాడు అప్పు చేస్తాడు, అదీ దుఃఖం. వడ్డీకి ఒప్పుకుంటాడు. గడువుకు కట్టకపోతే అడుగుతారు. అయినా కట్టకపోతే వెంటపడతారు. చివరికి బంధిస్తారు. మైక్రోఫైనాన్స్ అప్పుల వాళ్లు గడప ముందు కూర్చున్న రోజులు గుర్తున్నవాళ్లకి ఈ సుత్తం విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ వేధింపులు ఎంతదూరం పోయాయంటే 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. ఇప్పుడు అదే మెట్లు ఫోన్లో ఉన్నాయి. యాప్‌లో వేలు పెడితే అప్పు, గడువు దాటితే ఫోన్లు, ఆ తర్వాత చుట్టాలకు ఫోన్లు.

అందుకే వాయిదాల మీద వస్తువు కొనేటప్పుడు నేను ఒక్కటే అడుగుతాను: పూర్తి డబ్బు ఇప్పుడే ఇస్తే ఎంతకిస్తావ్? "వడ్డీ లేదు" అని బోర్డు పెట్టిన చోట కూడా రొక్కానికి తగ్గించే ధర ఒకటి ఉండొచ్చు, వాయిదాకి ప్రాసెసింగ్ ఫీజు ఒకటి ఉండొచ్చు. రెండిటి మధ్య తేడాయే వడ్డీ, పేరు ఏదైనా. నేను ఇది తెలివితో నేర్చుకోలేదు. వాషింగ్ మెషిన్ కొని, కాగితాలన్నీ సంతకం పెట్టాక, ఇంట్లో కూర్చుని కూడుకుంటే నేర్చుకున్నాను.

ప్యాకెట్ చదవడం ఒక విద్య

ఇప్పుడు ఆ అక్క నూనె ప్యాకెట్ దగ్గరికి వద్దాం.

ఈ రోజుల్లో తక్కెడ మన కళ్ల ముందు లేదు, ప్యాకెట్ మీద అచ్చయి ఉంది. చట్టం ప్రకారం ప్యాకెట్ మీద గరిష్ఠ ధర (ఎం.ఆర్.పి., అన్ని పన్నులూ కలిపి), లోపల ఉన్న సరుకు నికర తూకం, తయారైన నెల, ఫిర్యాదు చేసే చోటు ఉండాలి. ఇప్పుడు కొత్తగా ఇంకోటి కూడా వచ్చింది, గ్రాముకో కిలోకో, మిల్లీలీటరుకో లీటరుకో ఎంత పడుతుందో చెప్పే యూనిట్ ధర. చిన్న అక్షరాల్లో ఉంటుంది. కళ్లజోడు తీసుకెళ్లండి, మొహమాటం వద్దు. ఎం.ఆర్.పి. అంటే అంతకు మించి అమ్మకూడదని అర్థం, అంతకే అమ్మాలని కాదు. ఇది మన వాళ్లలో చాలామందికి తెలీదు. తగ్గించి ఇవ్వమని అడగొచ్చు.

ఒకసారి నేను నూనె ప్యాకెట్ తెచ్చి సీసాలో పోస్తే సీసా నిండలేదు. లీటరు సీసా. కారిపోయిందేమో అని సంచి కూడా చూశాను. ప్యాకెట్ తిప్పి చదివితే అందులో ఉన్నదే 850 మిల్లీలీటర్లు. మోసం కాదు, రాసే ఉంది, చదవనిది నేనే. ఇంకో తికమక కూడా ఉంది. నూనె నీళ్ల కంటే తేలిక. లీటరు నూనె సుమారు 910 గ్రాములే తూగుతుంది. ఒక ప్యాకెట్ మీద లీటర్లు పెద్దగా వేసి, ఇంకో దాని మీద గ్రాములు పెద్దగా వేస్తే పోల్చడం కష్టం. లెక్క కోసం ఇలా అనుకుందాం. 850 మి.లీ. ప్యాకెట్ 136 రూపాయలు, లీటరు ప్యాకెట్ 155. చేతిలో ఉన్న డబ్బు చూస్తే 136దే చవక అనిపిస్తుంది. కానీ ఆ లెక్కన లీటరు 160 పడుతుంది. ఐదు రూపాయలు ఎక్కువ.

అలాగని పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవక అనుకోకండి. షాంపూ చూడండి. చాలాసార్లు సీసా కంటే చిన్న సాచెట్లే మిల్లీలీటరు లెక్కన చవక పడతాయి. ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ ధర ఏళ్ల తరబడి ఐదే ఉంటుంది, లోపల బిస్కెట్లు తగ్గుతుంటాయి. పిల్లలకు బాగా తెలుసు ఇది, వాళ్లు లెక్కపెట్టి తింటారు. కాబట్టి సూత్రాలు బట్టీ పట్టొద్దు. కాలామ సుత్తంలో బుద్ధుడు చెప్పింది సరుకుల విషయంలో కూడా పనికొస్తుంది. ఎవరో చెప్పారని, ఎప్పటి నుంచో అలా అంటున్నారని నమ్మకుండా, పరీక్షించి చూసుకో. "ఒకటి కొంటే ఒకటి ఉచితం" దగ్గర మరీ ముఖ్యంగా.

ఎం.ఆర్.పి. కంటే ఎక్కువ అడిగితే, తూకం తక్కువొస్తే 1915 నంబరుకు ఫోన్ చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తూకం యంత్రాలకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. మా అమ్మ కాలంలో అరుగు ఎక్కి తక్కెడ చూడ్డానికి లేదు. ఇప్పుడు చూడొచ్చు, అడగొచ్చు. అడగకపోతే ఆ హక్కు ఉన్నా లేనట్టే.

అంధపురంలో బంగారు గిన్నె

ధర విషయంలో అమ్మేవాడి ధమ్మం ఏంటి? దీనికి జాతక కథల్లో ఒకటి ఉంది, సేరివాణిజ జాతకం. ఆ కథ జరిగింది తేలవాహ నది దాటాక ఉన్న అంధపురం అనే ఊళ్లో. కొందరు చరిత్రకారులు ఆ ఊరిని ఆంధ్రులతో ముడిపెట్టి చెప్తారు. అందుకని ఇది మన ఊరి కథే అనుకుని వినండి.

సేరి దేశం నుంచి ఇద్దరు వర్తకులు వచ్చారు, వీధులు తిరిగి సామాన్లు అమ్ముకునేవాళ్లు. ఆ ఊళ్లో ఒకప్పుడు బాగా బతికి చితికిపోయిన ఇల్లొకటి. మిగిలింది ఒక ముసలమ్మ, మనవరాలు. ఇద్దరూ కూలి చేసుకుని బతుకుతున్నారు. పిల్ల ఏదో నగ కావాలంది. డబ్బుల్లేవు. మూలన మసిపట్టి పడున్న పాత గిన్నె ఒకటుంది, అది ఇచ్చి తీసుకుందామంది. మొదటి వర్తకుడు గిన్నె తిరగేసి, సూదితో గీసి చూశాడు. బంగారం! వాడికి తెలిసింది, వాళ్లకు తెలీదు. ఊరికే కొట్టేద్దామని, ఇది అర మాష కూడా చెయ్యదని నేల మీద పడేసి వెళ్లిపోయాడు. మళ్లీ వచ్చి బేరమాడొచ్చని వాడి ఎత్తు.

తర్వాత రెండోవాడు వచ్చాడు, బోధిసత్త్వుడు. గిన్నె చూసి, అమ్మా, ఇది లక్ష విలువ చేస్తుంది, నా దగ్గరున్న సరుకంతా కలిపినా అంత లేదన్నాడు. ముసలమ్మ నమ్మలేదు. నీ మంచితనం వల్లే బంగారం అయిందేమో, నువ్వే తీసుకో, తోచింది ఇవ్వు అంది. ఆయన చేతిలో ఉన్న ఐదొందల నాణాలూ, ఐదొందల విలువైన సరుకూ ఇచ్చేశాడు. తనకు పడవకు ఎనిమిది నాణాలు, తక్కెడ, సంచి ఉంచుకున్నాడు. మొదటివాడు తిరిగొచ్చి సంగతి విని పిచ్చెత్తినట్టయి, సరుకులు విసిరేసి, తన తక్కెడ దండాన్నే దుడ్డుకర్రలా పట్టుకుని నది దాకా పరిగెత్తాడు. ఒడ్డునే గుండె పగిలి చచ్చాడు.

ఈ కథను దురాశ దుఃఖానికి చేటు అన్నట్టు చెప్పి ముగించేస్తుంటారు. నాకు అంతకంటే వేరేది కనిపిస్తుంది. ఇద్దరికీ ఒకే నేర్పు ఉంది, బంగారం గుర్తుపట్టే నేర్పు. ఒకడు ఆ జ్ఞానాన్ని దాచాడు, ఒకడు ఎదుటివాళ్లకు చెప్పాడు. తెలిసిన విలువను అవతలివాడి దగ్గర దాచడమే ఇక్కడ మొదటి తప్పు. అదిన్నాదానం అంటే జేబులో చెయ్యి పెట్టడమే కాదు. రెండో శీలమూ నాలుగో శీలమూ ఆ గిన్నె దగ్గర ఒకేసారి విరిగాయి. తక్కెడ తూకానికి పనికొస్తుంది, కొట్టడానికీ పనికొస్తుంది.

ఇది కొనేవాళ్లకు కూడా. రైతు బజారులో, రోడ్డు పక్కన ఆకుకూరల అమ్మమ్మ దగ్గర మనమే మొదటి వర్తకుడిలా మాట్లాడుతుంటాం. ఇవేం ఆకులు, వాడిపోయాయి అంటాం, వాడలేదని తెలిసి. మాల్‌లో నోరెత్తం. ఈ మాట మీరు చాలాసార్లు విని ఉంటారు, పొడిగించను.

ధర ఎందుకు పెరిగింది?

పంటల ధర పెరిగితే మన కర్మ అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. బుద్ధుడు కర్మ అని చేతులు దులుపుకోలేదు. ఇది ఉంటే అది ఉంటుంది, ఇది లేకపోతే అది లేదు. ఇదీ పటిచ్చసముప్పాద. నూనెకు ఇది పెట్టి చూడండి. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచి వస్తుంది. పామాయిల్ ఇండోనేషియా, మలేషియాల నుంచి. పొద్దుతిరుగుడు నూనె ఎక్కువగా ఉక్రెయిన్, రష్యాల నుంచి వచ్చేది. 2022 ఫిబ్రవరిలో అక్కడ యుద్ధం మొదలైంది. ఏప్రిల్ చివర్లో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు కొన్నాళ్లు ఆపేసింది. మన వాడలో అట్లు మానేసి ఇడ్లీలు పెట్టడం మొదలైంది. ఎక్కడ యుద్ధం, ఎక్కడ పెనం!

టమాటా కథ దగ్గరే జరిగింది. 2023 జులైలో కిలో వంద దాటింది. మదనపల్లె మార్కెట్ పేరు రోజూ వార్తల్లో. కొన్ని నెలలకే ధర పడిపోయింది. మనం వంద పెట్టి కొన్నప్పుడు పండించినవాళ్లందరికీ ఆ వంద అందలేదు, పడిపోయినప్పుడు మాత్రం నష్టం వాళ్లకే మొదట తగిలింది. కారణం తెలిస్తే కోపం ఎవరి మీదకు పోవాలో తెలుస్తుంది. తోపుడుబండి వాడి మీదకు కాదు.

బాబాసాహెబ్ ఈ చూపుతోనే రూపాయిని చూశారు. 1923లో లండన్‌లో అచ్చయిన రూపాయి సమస్య మీది పుస్తకంలో ఆయన పట్టుకున్న సంగతుల్లో ఒకటి, ధరలు పెరిగినంత తొందరగా కూలి పెరగదన్నది. రూపాయి విలువ పడిపోతే వ్యాపారికి లాభం రావొచ్చు, ఆ లాభంలో కొంత కూలివాడి సంచిలోంచి పోయిందే. నూరేళ్లయింది. మీ చీటీ తీసి, రెండేళ్ల కిందట మీ కూలి ఎంత, నూనె ఎంత, ఇప్పుడు రెండూ ఎంత అని పక్కపక్కన రాసి చూడండి. ఇది ఒక్కరు తీర్చుకోగల లెక్క కాదు. కూలి రేటు అడగడం, రేషన్ షాపులో తూకం నిలదీయడం, గ్రామసభలో మాట్లాడడం కూడా సమజీవితలో భాగమే అని నేననుకుంటాను. తక్కెడకు రెండు పళ్లేలుంటాయి. ఖర్చు పళ్లెం మీదే ఉపన్యాసాలిచ్చి, రాబడి పళ్లెం గురించి మాట్లాడకపోతే అది ధమ్మం కాదు, సలహా.

అలాగే సిగాలోవాద సుత్తంలో ఆస్తిని నాలుగు భాగాలు చేయమన్న మాట ఉంది. ఒకటి అనుభవించు, రెండు పనిలో పెట్టు, ఒకటి ఆపదకు దాచు. రోజు కూలీకి దీన్ని ఉన్నదున్నట్టు చెప్పడం నాకు ఇష్టం ఉండదు. ఆ మాట చెప్పింది ఒక గృహపతి కొడుక్కి. రోజుకు ఐదొందలొచ్చే ఇంట్లో సగం పెట్టుబడికి ఎక్కడి నుంచి తెస్తారు? నేను అందులోంచి తీసుకునేది ఒకటే. ఆపద భాగానికి ముందే పేరు పెట్టాలి. ఇరవై రూపాయలైనా ఖర్చుకు ముందే పక్కకు పోవాలి, మిగిలితే దాద్దాం అంటే మిగలదు. అదే సుత్తంలో డబ్బు కారిపోయే ఆరు తూములు చెప్పాడు, మందు, జూదం మొదలైనవి. ఆ రెండిటి దగ్గర మాత్రం ఏ సర్దుబాటూ చెప్పను. మందు ఖర్చు ఏ చీటీలోనూ రాయరు, అందుకే చీటీ లెక్క ఎప్పటికీ కుదరదు.

మర్యాద కొనుక్కోవడం తప్పా?

చివరిగా, మనలో మనం పోట్లాడుకునే సంగతి. పేదవాళ్లు ఫోన్ల మీద, బట్టల మీద తగలేస్తారని బయటివాళ్లు అంటుంటారు. మన చదువుకున్నవాళ్లు కూడా అంటున్నారు ఈమధ్య. నేను ఒప్పుకోను. 1927 డిసెంబరులో మహాడ్‌లో బాబాసాహెబ్ ఆడవాళ్లతో మాట్లాడుతూ, అంటరానివాళ్లని గుర్తుపట్టేలా ఉండే ఆ కట్టు, ఆ బరువు కడియాలు వదిలేయండి, అందరిలా చీర కట్టుకోండి అని చెప్పారు. అది ఆడంబరం గురించి చెప్పిన మాట కాదు. మా చెల్లి ఊరి కొట్టు కంటే నాలుగు రూపాయలు ఎక్కువైనా సూపర్ మార్కెట్‌కే పోతుంది. అక్కడ బుట్ట తనే పట్టుకుంటుంది, సరుకు తనే తాకి తీసుకుంటుంది, ఎవరమ్మాయివని అడిగేవాడు లేడు. ఆ నాలుగు రూపాయలు ఏ ఖాతాలో రాయాలి? వృథా ఖర్చు అని రాయను నేను. మా అమ్మ అరుగు కింద కొంగు పట్టిన సంగతి నాకు తెలుసు.

రేషన్ బియ్యం సంగతీ అంతే. దొడ్డు బియ్యం కిలో పదికీ పన్నెండుకీ అమ్మేసి, యాభై పెట్టి సన్నబియ్యం కొంటారని తిడతారు. లెక్క ప్రకారం నష్టమే, కాదనను. కానీ ఆ ఇంటి పిల్లలు కూడా సన్నన్నం తినాలనుకోవడం తృష్ణ ఎలా అవుతుంది? తెలంగాణలో 2025 ఉగాది నుంచి కార్డు మీదే సన్నబియ్యం ఇవ్వడం మొదలుపెట్టారు. తినేవాళ్ల నాలుక తప్పు కాదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు కదా.

మరి మర్యాదకు, తృష్ణకు తేడా ఎలా తెలుస్తుంది? నాకు తెలిసిన గుర్తు ఒకటి. కొన్న తర్వాత తల ఎత్తుకుని నడుస్తున్నానా, లేక ఫోన్ మోగితే వాయిదావాడేమో అని ఉలిక్కిపడుతున్నానా? మొదటిది భోగసుఖం. రెండోది ఇణ సుత్తంలో మెట్టు.

భోగసుఖం ఎలా ఉంటుందో చూడాలంటే అమరావతి రాళ్లు చూడాలి. అక్కడి శాసనాల్లో రాజుల కంటే మామూలు మనుషుల పేర్లు ఎక్కువ ఆకట్టుకుంటాయి. ఒక శాసనంలో విధికుడనే చర్మకారుడు ఉన్నాడు. నాగుడనే ఉపాధ్యాయుడి కొడుకు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, పిల్లలతో, చుట్టాలతో కలిసి పూర్ణఘటం చెక్కిన రాతిపలకను స్తూపానికి దానం చేశాడు. తోలుపని చేసుకునే కుటుంబం తన డబ్బుతో తనకు నచ్చిన దానికి ఖర్చుపెట్టి, పేరు రాయించుకుంది. రెండు వేల ఏళ్ల నాటి ఖర్చు చీటీ అది. మన వాడ నుంచి ఎప్పుడైనా అమరావతి పోతే ఆయన పేరు తలుచుకోండి.

వచ్చే ఆదివారం వందనకు వచ్చేటప్పుడు మీ చీటీలు తీసుకురండి. ఎవరి చీటీ ఎవరూ పైకి చదవరు, ఏం కొన్నారని ఎవరూ అడగరు. నూనె, పప్పు, సబ్బు, ఈ మూడిటికీ కిలోకి, లీటరుకి ఎంత పడిందో మాత్రం అందరం లెక్కగడదాం. ఏ కొట్లో తక్కువ పడిందో గోడ మీద రాద్దాం. కలిసి పెద్ద డబ్బా నూనె కొని పంచుకుంటే ఎంత మిగులుతుందో కూడా చూద్దాం. పెన్నులు నేను తెస్తాను. లెక్కలు చూసే పని ఆ తాలింపు అక్కే తీసుకుంది. తను ఎనిమిది దాకా చదివిందట, భాగహారాలు బాగా వచ్చని చెప్పింది. మీరంతా వరుసగా కూర్చోండి, ఆమెను తొందరపెట్టకండి.